మేనేజరు గారు మంజూరు చేసిన పడవ పందెం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, సాయంత్రం ఇంటికొచ్చాక "ఇవాళ ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. పని లేక కాదు, బోలెడంత ఉండేది. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో కూర్చుని, ఎక్కడో పరాయి దేశంలో ఎవరో వాడబోయే బ్యాంకు యాప్‌లో బటన్ నొక్కితే అది నీలం రంగులోకి మారుతోందా లేదా అని చూడటం నా ఉద్యోగం. మారితే మారిందని రాయాలి, మారకపోతే మారలేదని రాయాలి. కాకినాడలో ఉన్న మా నాన్నకి ఫోన్లో ఇది వివరించబోతే ఆయన చాలాసేపు ఓపిగ్గా విని, "ఇంతకీ నొక్కేది నువ్వేనా, నొక్కడానికి వేరే మనిషి ఉంటాడా?" అని అడిగారు. చేత్తో ముట్టుకోగలిగేది, ఇదిగో ఇది నేను చేశాను అని పదిమంది ముందు పెట్టగలిగేది ఒక్కటైనా ఉండాలన్న దుగ్ధ నాకు అప్పుడే పట్టుకుంది. (ఆ దుగ్ధ ఏ అల్లికల మీదికో, ఆవకాయ మీదికో పోయుంటే ఇంటిల్లిపాదీ సుఖపడేవాళ్ళమని మా అక్క ఇప్పటికీ అంటుంది.)

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నార్సింగిలో వాళ్ళ ఫ్లాట్‌లోనే నేను ఉండేదాన్ని. బావగారిది సిద్దిపేట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన మాటని అక్కా, అక్క మాటని ఆయనా సరిదిద్దుకుంటూనే ఉంటారు. ఒక ఆదివారం పొద్దున బావగారి వెంట నడకకి వెళ్తే, కాలనీ వెనక చెరువు గట్టు మీద నలుగురైదుగురు పెద్దమనుషులు రిమోట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నీళ్ళలో మూరెడేసి పడవలు రివ్వున దూసుకుపోతున్నాయి. నేను నడక సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. వాళ్ళకి నాయకుడు తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, జన్మలో ఓడ ఎక్కలేదు, అయినా అందరూ ఆయన్ని కెప్టెన్ అంకుల్ అనే పిలుస్తారు. నేనూ చేరవచ్చా అని అడిగితే ఆయన నియమం చెప్పారు. తయారుగా దొరికే పడవలు పనికిరావు, విడిభాగాల కిట్ తెప్పించుకుని ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి, వానలు వెనకబట్టాక పందెం ఉంటుంది, ఈలోగా సగం మంది సగంలో వదిలేస్తుంటారు. చివర్లో ఎంతో దయగా, "చూడటానికైతే ఎప్పుడైనా రా తల్లీ" అన్నారు. అంతే. ఆ 'చూడటానికైతే' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆఫీసులో వారమంతా నేను చేసేది చూడటమే. ఇంటికి చేరేలోపే ఫోన్లో కిట్ ఆర్డర్ పెట్టేశాను.

వచ్చిన పెట్టె విప్పితే పల్చటి ప్లైవుడ్ ముక్కలు, సన్న ఇనప కడ్డీ, వేలెడంత మోటారు, గుండీ అంత ప్రొపెల్లర్, నాకు ఒక్క అక్షరం ముక్క అర్థం కాని భాషలో సూచనల కాగితం కనిపించాయి. బొమ్మలున్నాయి కదా, చాలనుకున్నాను. అక్కయ్య భోజనాల బల్ల నా ఓడరేవు అయింది. ముక్కలు అతికించే జిగురు వాసనకి అక్క మొదట గ్యాస్ లీకయిందని సిలిండర్ కట్టేసింది, తర్వాత సాంబారు పాడైందని పారబోసింది, చివరికి అసలు సంగతి తెలిసి నన్ను బల్లతో సహా బాల్కనీలోకి తోసింది. మేం ముగ్గురం ఆ తర్వాత చాలాకాలం నేల మీద కూర్చునే భోంచేశాం. పడవ అడుగు భాగం బల్లగుడ్డకి అంటుకుపోతే, బల్లగుడ్డని కత్తిరించి మిగిలింది ఉప్పుకాగితంతో రుద్ది తీశాను. (ఎడం పక్కన రెండు గులాబీ పువ్వులు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. అవే డిజైన్ అని చెప్పుకున్నాను.) సరిగ్గా ఈ దశలోనే మా మేనేజరు గారు కథలోకి వచ్చారు.

ఆయనది అనంతపురం. మంచి మనిషి, కానీ ఎప్పుడూ కంగారు. ఆ రోజుల్లో ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఎక్కువైంది. మేం చేతులతో చేసే తనిఖీలన్నీ దానంతటదే చేసిపెట్టే బాట్ ఒకటి, అంటే ఒక ప్రోగ్రాము, ఎవరో ఒకరు తయారుచేయాలని పైవాళ్ళు పట్టుబట్టారు. ఆ మాట మాదాకా ఇంకా రాలేదు. ఒకరోజు లిఫ్టులో ఆయన నన్ను, ఇంటికి పోయి ఏం చేస్తుంటావని అడిగారు. బోట్ చేస్తున్నానని చెప్పాను. నీళ్ళలో తిరిగే పడవని నేను బోటన్నాను, బాట్ అనాల్సిన ప్రోగ్రామునీ ఆయన బోటనే అంటారు. ఆయన ముఖం వెలిగిపోయింది. సొంతంగానేనా అన్నారు, సొంతంగానే అన్నాను. స్పీడ్ ఎట్లుంటాదన్నారు, పెంచుతున్నాను సార్ అన్నాను. మర్నాటి నుంచి ఆయన నా బల్ల దగ్గరికొచ్చి వాకబు చేయడం మొదలుపెట్టారు.

"యాడికొచ్చింది పాపా బోటు?"

"లీకవుతోంది సార్."

"మెమరీ లీకా?"

ప్రోగ్రాములకొచ్చే ఆ జబ్బు పేరెత్తి ఆయన జోకేశారనుకుని నేను నవ్వాను. నేను నవ్వానని ఆయనా నవ్వారు. అట్లా ఇద్దరం మంచి అవగాహనతో ముందుకు సాగాం.

మొదటిసారి చెరువులో వదిలినప్పుడు పడవ తిన్నగానే వెళ్ళింది, కానీ ఎంత నెమ్మదిగా అంటే, బాతు ఒకటి దాన్ని దాటిపోతూ వెనక్కి తిరిగి చూసింది. కెప్టెన్ అంకుల్ నా వీపు తట్టి, మొదటి పడవకి ఇది చాలా గొప్ప అన్నారు. మొదటి పడవకి అనడం నాకు నచ్చలేదు. పెద్ద మోటారు తెప్పించాను. దాన్ని ప్రొపెల్లర్‌కి కలపడానికి పాత కడ్డీ సరిపోదని బావగారి బండెక్కి బాలానగర్ వెళ్ళి ఒక లేత్ షాపులో కొత్తది చేయించాను. కడ్డీ మారింది కదా అని ప్రొపెల్లర్ మార్చాను, ప్రొపెల్లర్ మారింది కదా అని చుక్కాని మార్చాను. మోటారు వేడెక్కకుండా చిన్న గొట్టంతో చెరువు నీళ్ళే లోపల తిరిగి బయటికి పోయేలా ఏర్పాటు చేశాను. అది బాల్కనీ తొట్టిలో మొదటిసారి బుడుక్కున నీళ్ళు కక్కినప్పుడు, పసిబిడ్డ తొలిసారి అమ్మా అన్నట్టు పరవశించిపోయాను.

ఆ వచ్చిన ఆదివారం దాన్ని చెరువులో వదిలి రిమోట్ నొక్కాను. పడవ ముక్కు పైకెత్తింది. ఇంకా ఎత్తింది. పూర్తిగా గాల్లోకి లేచి, వెల్లకిలా పడి, చడీచప్పుడూ లేకుండా మునిగిపోయింది. లోపల ఫోమ్ ముక్కలు పెట్టలేదా, అవి ఉంటే తిరగబడినా మునగదు కదా అని కెప్టెన్ అంకుల్ అడిగారు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పెట్టెలో తెల్లటి ఫోమ్ దిమ్మలు రెండున్నాయి. ప్యాకింగ్ సామాననుకుని చెత్తబుట్టలో వేశాను. బావగారు నన్నొక చూపు చూసి, ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు.

"లోతు లేదులే. నువ్వు జర ఏడుపు ఆపు మరదలా, నేను దిగి తీస్త."

నేను ఏడవడం లేదని చెప్పాను. ఆయన నడుముల్లోతు నీళ్ళలో గుర్రపుడెక్క తోసుకుంటూ, కాళ్ళతో తడుముతూ పడవని వెతికి పైకి తెచ్చారు. దారంతా చొక్కా పిండుకుంటూ నడిచిన ఆయన్ని గుమ్మంలో చూసి అక్క, ఇంక ఈ పడవా వద్దు పాడూ వద్దు, ఉద్యోగం చేసుకోమ్మా అంది. నేను మాత్రం అప్పటికే ఫోమ్ ఎక్కడ దొరుకుతుందా అని ఇల్లంతా కలియజూస్తున్నాను. బీరువా పక్కన చుట్టి నిలబెట్టిన యోగా చాప కంటబడింది. అడిగితే అక్క, సోమవారం నుంచి యోగా మొదలుపెడుతున్నానని చెప్పింది. బావగారు తల తుడుచుకుంటూ, ఆ సోమవారం కోసం పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నామన్నారు. అక్క లోపలికెళ్ళి కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. చాప ఇచ్చినందుకు కాదు, కత్తెర కూడా తెచ్చినందుకు ఆవిడంటే నాకు ఎప్పటికీ గౌరవం.

తీరా పందెం జరిగే ఆదివారమే ఆఫీసులో ఏదో అర్జెంటు పని ఉందని, అందరూ రావాలని రెండు రోజుల ముందు చెప్పారు. బోట్ రేసు ఉంది సార్, నేను రాలేను అని గుండె చిక్కబట్టుకుని చెప్పాను. మేనేజరు గారు లేచి నిలబడి, పోవాల్సిందేనన్నారు, లొకేషన్ పంపమన్నారు, వీలైతే తానూ వస్తానన్నారు. ఇంత సరదా మనిషిని ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానే అనిపించింది.

ఆదివారం పొద్దున ఆయన నిజంగానే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, బూట్లు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. గట్టెక్కి, చెరువు వైపు చూసి, కెప్టెన్ అంకుల్ టోపీ వైపు చూసి, నా చంకలో గులాబీ పువ్వుల పడవని చూశారు.

"బోటంటే... ఇదా పాపా?"

"అవును సార్."

"నీళ్ళలో పొయ్యేదా? ప్రోగ్రాము గాదా?"

నాకప్పుడు నెమ్మదిగా అన్నీ అర్థమవడం మొదలైంది, లిఫ్టుతో సహా. పైవాళ్ళకి ఏం చెప్పారు సార్ అని అడిగితే, ఆయన లాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీది రాయిపై కూర్చున్నారు. ఈలోపు ఈల మోగింది. తొలి పందెంలో నా పడవ అందరికంటే ముందు దూకి, అందరికంటే ముందు గాల్లోకి లేచి, తిరగబడింది. కానీ మునగలేదు. యోగా చాప దాన్ని నీళ్ళమీద హాయిగా వెల్లకిలా పడుకోబెట్టింది. బావగారు మళ్ళీ దిగి తీసుకొచ్చారు. రెండో పందెం చివరిది. నేను గబగబా చుక్కాని విప్పుతూ, ప్రొపెల్లర్ కూడా మార్చేద్దామని పెట్టెలో వెతుకుతుంటే పక్కన బూట్లు కనిపించాయి. మేనేజరు గారు వంగి చూస్తున్నారు.

"అన్నీ ఒగేసారి మారిస్తే దేంతో బాగైందో ఎట్ల తెలుస్తాది? ఆఫీసులో చెప్పేది మరిసిపోతివా? ముక్కు లేస్తాంది గదా. దానికి ఒగటే మార్చు."

నా చెయ్యి ఆగిపోయింది. బటన్ల దగ్గర రోజూ నేను చేసేది అదే పని, పడవ దగ్గర ఒక్కసారీ తోచలేదు. చుక్కాని మళ్ళీ బిగించేశాను. మిగతావేవీ ముట్టుకోకుండా బ్యాటరీని మాత్రం రెండంగుళాలు ముందుకు జరిపి టేపు చుట్టాను. ఈసారి పడవ ముక్కు లేవబోయి, ఆలోచించి, దిగింది. తర్వాత నీళ్ళని కత్తెర వేసినట్టు చీల్చుకుంటూ పోయింది. మలుపు తిరిగిన ప్రతిసారీ రిమోట్‌తో సహా నేనూ అటే ఒరిగాను. కెప్టెన్ అంకుల్ పడవే గెలిచింది, నాది రెండోది. అయితే చివరి మలుపులో ఆయన రెండుసార్లు టోపీ సర్దుకోవడం నేను చూశాను. పక్కన మేనేజరు గారు బూట్లతో సహా బురదలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

బండెక్కే ముందు ఆయన నన్ను పిలిచారు. "బోటు బాగుంది పాపా. ఇంగ ఆ ప్రోగ్రాము బోటు కూడా చెయ్యి. చెప్పేసినాను పైనోళ్ళకు." నాకు ప్రోగ్రాములు రాయడం రాదని చెప్పాను. ఇది మాత్రం వచ్చి చేసినావా అన్నారు. సోమవారం నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. అది కూడా చాలాసార్లు మునిగింది, చివరికి తేలింది. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం దాని పుణ్యమే.

ఇప్పుడు ఆ గట్టు మీద నడకదారి వేశారు, కంచె కట్టారు, నీళ్ళ దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. నేనూ మారిపోయాను. అన్నీ తయారుగానే కొంటాను, బిగించాల్సినవేమైనా ఉంటే మనిషిని పిలుస్తాను. మొన్నొకరోజు కొత్త కుర్చీ వస్తే బిగించడానికి ఒకతను వచ్చాడు. కాసేపు నిలబడి చూశాను. ఒక్క స్క్రూ నేను బిగించనా అని అడిగాను. ఇచ్చాడు. వంకరగా దిగింది. పర్లేదు మేడం, అట్లనే ఉండనియ్యండి, కనవడదు అన్నాడు. ఉండనివ్వబుద్ధి కాలేదు. విప్పి మళ్ళీ బిగించాను, మళ్ళీ విప్పాను. నేల మీద చతికిలబడి, కొంగు దోపుకుని, ఒక్కసారికి ఒక్కటే మారుస్తూ కూర్చున్న ఆ మనిషిని, అంటే నన్నే, ఇదివరకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. వెనకాల అతను తర్వాతి ఇంటివాళ్ళకి ఫోన్ చేసి మెల్లగా చెబుతున్నాడు: "నేను వచ్చేసరికి జర లేటైతదన్నా. ఇక్కడ మేడం ఇడిసిపెట్టేటట్టు లేరు."