కోరమండల్ నుంచి టేకల్‌కు మూడు చక్రాల బండి

మాది మాలూరు తాలూకా టేకల్. నేను బడిలో టీచరును. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఇనుప కడ్డీల బూటు వేసుకుని నడుస్తాను. పోయిన సంవత్సరం నన్ను మార్చిన బడికి బస్సు లేదు. మెయిన్ రోడ్డులో దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోవాల. దినమూ ఎవరో ఒకరి బైకు కోసం రోడ్డుపక్కన నిలబడేదాన్ని. కొన్ని దినాలు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

మాతో పనిచేసే కేజీఎఫ్ టీచరమ్మ ఒకరోజు చెప్పింది. "మా ఊరి పక్కన కోరమండల్లో చెంగప్ప అని ఒకాయన ఉండాడు. బంగారు మైన్స్‌లో ఫిట్టరుగా చేసినాడు. కుడికాలు పోయినాక తనకోసమే మూడు చక్రాల మోటారుసైకిలు చేసుకున్నాడు. ఇప్పుడు కంట్లో పొర వచ్చిందని అమ్మేస్తాడంట."

ఫోన్లోనే బేరం కుదిరి, కాగితాలన్నీ నా పేరుకు మారినాక ఒక ఆదివారం బయలుదేరినాను. లైసెన్సు ఉంది గానీ అలవాటు లేని బండిమీద నలభై కిలోమీటర్లు, అదీ లారీల మధ్యన రావడానికి ధైర్యం చాలలేదు. అందుకని ట్రెయిలర్ మాట్లాడుకున్నాను.

ఉదయం ఏడుగంటలు దాటినాక టేకల్లో మారికుప్పం ప్యాసింజర్ ఎక్కినాను. ఎదురుగా చేమంతిపూల గంపతో ఒకామె కూర్చోనుంది.

"యాడికమ్మా?" అనింది.

"కోరమండల్‌కు. బండి తెచ్చుకునేదానికి."

"వచ్చేటప్పుడు దానిమీదనే వస్తావా?"

"లేదు. ఇంకో బండిలో పెట్టి తెస్తాను."

ఆమె గంప సర్దుకునింది. "అయితే ఇంగ ఆ బండి కంటే సుఖం ఎవరికుండాది," అని బంగారుపేటలో దిగిపోయింది.

ఎనిమిదిన్నరకు కోరమండల్లో దిగినాను. చెంగప్పగారి ఇల్లు మైన్స్ పనివాళ్ళ పాత లైన్లలో, బంగారం తీసినాక పోసిన సైనైడ్ మన్ను దిబ్బ కనిపించే వరసలో ఉంది. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. చంకకర్రతో గడపదాకా వచ్చి, ముందు ఇడ్లీ తినమన్నాడు. తిన్నాక బండి చూపించినాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు. వెనక బ్రేకు కాలితో వేసేది కాదు. ట్యాంకుకు కుడిపక్కన నిలువుగా ఒక ఇనుప పిడి ఉంది. దాన్ని లాగితే బండి ఆగుతుంది. రంపం పండ్ల మాదిరి ఉండే గాడిలో వేస్తే అట్లే పట్టుకుని నిలుస్తుంది. సందులో రెండు రౌండ్లు కొట్టి చూసినాను. బాగా ఆగింది.

తొమ్మిదిన్నరకు ట్రెయిలర్ తగిలించుకుని సెల్వం జీపు తెచ్చినాడు. అతనిది ఆండర్సన్‌పేట. ఆ ట్రెయిలర్ నాలుగుపక్కలా రేకులు కొట్టిన డబ్బా. పెళ్ళివంటల పాత్రలకని చేయించుకున్నాడంట. వెనక తలుపు కిందికి వాల్చితే అదే వాలుపలక. సెల్వం, వీధిలోవాళ్ళు ఇద్దరు తోసి బండిని ఎక్కించినారు. చెంగప్ప లోపలికి పోయి వచ్చేలోగా సెల్వం రెండు బెల్టులు హ్యాండిల్‌కు, రెండు సీటు వెనక కడ్డీకి బిగించేసినాడు.

చెంగప్ప వచ్చి బెల్టులను చేత్తో తడిమినాడు. "విప్పప్పా. రెండు చక్రాల బండిని పడకుండా కట్టాల. ఇది పడదు. పడదు గదా అని అందరూ మోసపోతారు. ఇది దొర్లుతాది, ఎగురుతాది."

"ఎన్ని సామాన్లు కట్టినాను సామీ, నాకు తెలీదా?" అన్నాడు సెల్వం. మధ్యాహ్నం అతనికి ఇంకో బాడుగ ఉంది.

ఇద్దరూ నాపక్క చూసినారు. నాకు తొందరగా ఇల్లు చేరాలని ఉంది. "ఎంతదూరం లెండి, పోతాం," అన్నాను.

"నీ బండి, నీ ఇష్టం అమ్మా," అని చెంగప్ప పక్కకు జరిగినాడు.

స్టెప్నీ ఇంట్లో ఉందని సెల్వం ముందు ఆండర్సన్‌పేట పక్కకు తిప్పినాడు. అక్కడ ఒక హంపు ఎక్కి దిగేటప్పటికి వెనకాల దడేలుమని చప్పుడు. నిలిపి తలుపు తెరిచినాము. హంపుమీద బండి ముందు స్ప్రింగు కిందికి కుంగగానే బెల్టు వదులై కొక్కెం ఊడిపోయింది. బండి ఏటవాలుగా వెనక్కి దొర్లి డబ్బా గోడకు ఆనుకోనుంది. బ్రేకు పిడి రేకు చట్రంలో ఇరుక్కుని వంకరపోయింది.

ఆ పిడి లేకపోతే ఆ బండి నాకు పనికిరాదు. సెల్వం సుత్తి తీసినాడు. "రెండు దెబ్బలేస్తే నేరుగా వస్తాది అక్కా. ఆయనకు చెప్పొద్దు, బాధపడతాడు." ఆ మాటలో నిజం లేకపోలేదు. నేను మాత్రం సుత్తి పెట్టేయమని చెప్పి చెంగప్పకు ఫోన్ చేసినాను. "మీరు చెప్పినారయ్యా, నేను వినలేదు," అన్నాను.

"సుత్తితో కొట్టినారా?" అన్నాడు.

"లేదు."

"అయితే బాగుపడతాది. ఉండండి."

ఇరవై నిమిషాల్లో ఆటోలో దిగినాడు, ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని. కళ్ళు సరిగా కనపడవు గనక వంపు పొడుగునా బొటనవేలు రాసి చూసినాడు. "కాల్చకుండా, ఇనుము చల్లగా ఉండేటప్పుడే కొట్టింటే వెంట్రుకంత పగులు వచ్చిండేది. ఈరోజు తెలీదు. ఒకరోజు నువ్వు పట్టి లాగినప్పుడు చేతికొచ్చేస్తాది," అన్నాడు. పిడిని ఊడదీసి, నాలుగంగళ్ళ అవతల వెల్డింగు షాపులో ఎర్రగా కాల్పించి, దగ్గరుండి నేరు చేయించి తెచ్చి, మళ్ళీ బిగించినాడు. అంతా అయ్యేటప్పటికి పన్నెండుంబావు.

సంచిలో చెక్క అడ్డాలు, మేకులు ఉన్నాయి. సెల్వం బెల్టు అందుకోబోతే ఆపినాడు. "ఆ అమ్మ కట్టనీ."

నేను బూటు విప్పి, డబ్బాలోకి పాకినాను. లోపల ఎండకు కాలిన రేకు వేడి. ఆయన బయట నిలబడి చెప్తావుంటే ఒక్కొక్కటే చేసినాను. బండిని ముందుకు తోయించి, బరువు కొంచెం జీపు పక్కకు మొగ్గేటట్టు పెట్టించినాడు. గేరులో వేసి, పిడిని గాడిలో నిలిపినాను. మూడు చక్రాలకూ ముందూ వెనకా అడ్డాలు పెడితే సెల్వం వాటిని డబ్బా అడుగు చెక్కలకు మేకులు కొట్టినాడు. వెనక బెల్టులు సీటుకు కాదు, ఇరుసుకు. ఒకదానిమీద ఒకటి అడ్డంగా పోయేటట్టు. ముందువి హ్యాండిల్‌కు కాదు, కింద ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పట్టీకి. "స్ప్రింగు సగం కూర్చోవాల. పూరా కూర్చోకూడదు," అన్నాడు.

అయినాక హ్యాండిల్ పట్టి ఊపమన్నాడు. ఊపితే బండితోపాటు డబ్బా, డబ్బాతోపాటు జీపు కదిలినాయి. "అట్ల ఉండాల," అన్నాడు.

టేకల్‌దాకా రమ్మని అడిగినాను. "నేనెందుకు? కట్టింది నువ్వు గదా," అని అదే ఆటోలో వెళ్ళిపోయినాడు. ఆటో ఎక్కేముందు మాత్రం ఒక చెయ్యి డబ్బా రేకుమీద కాసేపు ఆనించినాడు.

సెల్వం తన బాడుగను తమ్ముడికి అప్పజెప్పినాడు. ఐదారు కిలోమీటర్లు పోయినాక నిలిపించి చూసినాను. ఒక బెల్టు కొంచెం వదులైంది, బిగించినాను. బంగారుపేటలో చిత్రాన్నం తిని ఇంకోసారి చూసినాను. ఏదీ కదల్లేదు. తర్వాత రోడ్డు బాగలేదు గానీ వెనక చప్పుడు లేదు. సెల్వం రేడియో ఆపేసి, అతను కూడా వింటావున్నాడు. "ఇన్ని దినాలు పాత్రలు ఎట్ల సొట్టలు పోతావుండాయో ఇప్పుడు తెలిసింది అక్కా," అన్నాడు.

మూడుగంటలకు ఇంటిముందర నిలిపినాము. పట్టుకుంటామని పక్కింటివాళ్ళు వచ్చినారు. వద్దన్నాను. బెల్టులు విప్పి, అడ్డాలు తీయించి, బండిమీద కూర్చుని గేరు తీసినాను. బండి వెనక్కి వాలుపలకమీదికి దిగుతావుంటే పిడిని కొంచెం వదిలి, కొంచెం పట్టినాను.

నేను చిన్నప్పటినుంచీ రైళ్ళు, బస్సులు, ఎవరెవరివో బైకులు ఎక్కినాను. ఎక్కడ నిలపాలన్నా తోలేవాళ్ళను అడగాల. ఆరోజు వాలుపలక నడిమధ్యలో, ఎవరూ పట్టుకోకుండా, ఊరికే చూద్దామని పిడి లాగినాను. బండి నిలిచింది.