కంచం మీద పేరు

రాములమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెను ఎరిగినవాళ్లు ఆమె మాట ఎత్తరు. అందుకే రాస్తున్నాను. ఇందులో నన్ను నేను మంచివాడిగా చూపించుకునే వీలు పెద్దగా లేదని ముందే చెప్పేస్తున్నాను.

ఆమె సింగపూర్ వచ్చింది తొంభై ఏడులో, సుధాకరరావుగారింట్లో పనికి. ఆయన ఒక బ్యాంకులో కంప్యూటర్ విభాగానికి పెద్ద, మా తెలుగు క్రైస్తవ సహవాసానికి అధ్యక్షుడు. నేను సెంబవాంగ్ షిప్‌యార్డులో సూపర్వైజర్‌ని. ఇనుమూ ఉక్కూ కోయడం, అతకడం, అరగదీయడం నా పని. దస్తూరి బాగుంటుందని సహవాసానికి నన్ను కార్యదర్శిని చేశారు. కృష్ణమూర్తి అని పిలవడం కంటే "సెక్రటరీగారూ" అని పిలిస్తే నాకు బాగుండేది. అది కూడా చెప్పుకోవాల్సిందే.

రాములమ్మది తుని దగ్గర పల్లె. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే మిషన్ బోర్డింగులో పెరిగింది. బాప్తిస్మంలో రూతు అని పెట్టారుగానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. భర్త లేడు. కూతురు రాధ కాకినాడలో నర్సు చదువు చదువుతోంది. ఆ చదువు పూర్తయ్యేదాకా తను ఇక్కడ పనిలో ఉండాలి. ఆమెకున్న ఆశల్లా అదొక్కటే. ఆమె పని పర్మిట్ సుధాకరరావుగారి చేతిలో ఉంది కాబట్టి ఆ ఆశ కూడా ఆయన చేతిలోనే ఉంది.

ఆదివారం ఆమెకి సెలవని సుధాకరరావుగారి భార్య సూర్యకుమారిగారు అందరికీ చెప్పేవారు. లిటిల్ ఇండియాలో ఒక పాత మేడ మీద హాలు అద్దెకు తీసుకుని మేం ఆరాధన జరుపుకునేవాళ్లం. వెనక చిన్న వంటగది ఉండేది. సెలవు రోజున రాములమ్మ అందులో ఎనభై మందికి వండేది.

తొంభై తొమ్మిదిలో సంగతి ఇది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని భయపడి, వాటిని బాగుచెయ్యడానికి హైదరాబాదు నుంచి కుర్రవాళ్లని విమానాల్లో దింపుతున్న రోజులు. మా సహవాసంలో జనం రెట్టింపయ్యారు. కానుకలు కూడా. అప్పుడే మలావీ దేశం నుంచి బండా అనే పాస్టరుగారు ఏదో మహాసభకి వచ్చి, మా దగ్గర పావుగంట మాట్లాడారు. వాళ్ల పల్లెల్లో ఎయిడ్స్‌తో తల్లీతండ్రీ పోయిన పిల్లలు అరవై మంది ఉన్నారట. వాళ్లకొక ఇల్లు కట్టాలని ఆయన ఆశ. ఆయన చొక్కా కాలరు అరిగి దారాలు లేచాయి. అందరం ఏడ్చాం. ఆ పూట ఏడుపు నిజమే, దాన్ని నేను కాదనను.

తరువాతే అసహ్యం మొదలైంది.

ఇల్లు కట్టడానికి ఒప్పుకున్నాక ఎనిమిది కమిటీ సమావేశాలు జరిగాయి. ఆరింటిలో మాట్లాడింది శిలాఫలకం గురించే. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద, ఎం.టెక్. అని రాయాలా వద్దా. సైన్స్ పార్కులో పనిచేసే శశికాంత్ అనే అబ్బాయి, ఇక్కడి తిండిశాలల్లో, అదే హాకర్ సెంటర్లో, టిష్యూ ప్యాకెట్ పడేసి ఈ కుర్చీ నాదని చోప్ చేసుకున్నట్టు, మొదటి రోజే మూడో వరస చోప్ చేసుకున్నాడు. రాయి చీమకుర్తి నుంచి రావాలన్నారు. అక్షరాలు తెలుగులో ఉండాలన్నారు. మలావీలో తెలుగెవరు చదువుతారండీ అంటే, "ఫోటో ఊళ్లో అమ్మావాళ్లు చూస్తారు కదా అంకుల్!" అన్నాడు శశికాంత్. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, మినిట్స్‌లో రాసుకున్నాను.

బండాగారు ఉత్తరంలో చేతిపంపు అడిగారు. చేతిపంపు మీద పేరు రాయడానికి చోటెక్కడుంది? ఫ్యాన్లు ఇద్దామన్నారు. మన గుళ్లలో, చర్చిల్లో, బడుల్లో ఎక్కడ చూసినా ఫ్యాను రెక్కల మీద దాత పేరు ఎర్ర రంగుతో ఉంటుంది కదా. ఒక రెక్క మీద ఆయన, ఒక రెక్క మీద ఆవిడ, మూడో దాని మీద ఊరు. పన్నెండు ఫ్యాన్లు కొని పేర్లు కూడా రాయించాం. అప్పుడు బండాగారి దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ప్రియ సహోదరులారా, మీ ప్రేమకు వందనాలు, మా ఊరికి కరెంటు లేదు.

అరవై మంది పిల్లలకి ఇల్లు కడుతూ ఆ ఊళ్లో దీపముందో లేదో అడగని వాళ్లం మేం.

ఫ్యాన్లు సుధాకరరావుగారి స్టోర్‌రూములోకి వెళ్లాయి. వాటి బదులు స్టీలు కంచాలు పంపుదామన్నారు. అరవై కంచాలు, అరవై పేర్లు. మన పెళ్లిళ్లలో గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిస్తామే, అలాగ. కూర వడ్డించే చోట, కంటికి ఎదురుగా. పోయినవాళ్ల జ్ఞాపకార్థం కొందరు, పెళ్లిరోజుకి కొందరు. శశికాంత్ తన రెండేళ్ల కూతురి పేర "హ్యాపీ బర్త్‌డే వర్షిత" అని మూడు కంచాలు రాయించుకున్నాడు. ఆ జాబితా నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో.

ఇంకో జాబితా కూడా ఉంది. ప్రార్థన చెయ్యండని బండాగారు పంపిన పిల్లల పేర్లు. మా ఇన్ని కుటుంబాల్లో దాన్ని అడిగింది ఒక్క రాములమ్మే. జిరాక్సు తీసిచ్చాను. ఒకరోజు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది.

"అన్నయ్యగారూ, ఈ మవుతో అన్న పిల్లోడి పేరుకి కష్టాలు అని అర్థం రాశారేటండీ?"

"వాడు పుట్టిన రోజే తల్లి పోయిందట."

"అయితే మాత్రం అలాగెడతారేటండీ పేరు! ఆయ్, ఈడికి రోజుకి రెండుసార్లు చేత్తాను ప్రార్థన."

ఆ జాబితా మడతలు పడి, నూనె మరకలై, ఆమె బైబిల్లో ఉండేది. చికోండి, థోకొజాని, తమండా, లింబాని. అందరి పేర్లూ ఆమెకి నోటికొచ్చు. మవుతో కాక నాకు ఇప్పుడు ఈ నాలుగే గుర్తున్నాయి.

కంచాల మీద పేర్లు కొట్టే తమిళ ముసలాయన కొట్టు హాలుకి రెండు వీధుల అవతల ఉంది. వెళ్లాల్సింది నేను. ఎండగా ఉందని బద్ధకించి, దాతల జాబితా కవరులో పెట్టి రాములమ్మకిచ్చాను. "నాను చూసుకుంటానండీ" అంది.

చూసుకుంది. నాలుగో ఆదివారం ఆరాధన కాగానే కంచాలన్నీ బల్ల మీద పేర్చాం, ప్రార్థన చేసి ఓడకెక్కించడానికి. జనం ఎగబడ్డారు. ప్రార్థన కోసం కాదు, ఎవరి కంచం వాళ్లు వెతుక్కోవడానికి. కెమెరాలు కూడా తెచ్చుకున్నారు. మొదట శశికాంత్ గొంతు వినిపించింది.

"ఇదేంటి అంకుల్, థోకొజాని ఎవరు?"

తరువాత అందరి గొంతులూ లేచాయి. అరవై కంచాలు తిరగేశారు, మరగేశారు. ఒక్క దాత పేరు లేదు. ఒక్కో కంచం మీద ఒక్కో పిల్లవాడి పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పు లేకుండా. చచ్చిపోయిన తల్లి పేరు కనిపించక ఒకావిడ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ల ముఖాలు మాత్రం వేరు. పెళ్లి భోజనంలో తమ బంతికి స్వీటు రాలేదని తెలిసినప్పుడు ఉంటాయే, ఆ ముఖాలు.

సుధాకరరావుగారు నా వైపు తిరిగారు. "సెక్రటరీగారూ, లిస్టు మారిపోయిందా?"

నాకు అంతా అర్థమైంది. "అవునండీ, నా పొరపాటే, రెండు కాగితాలూ ఒకే కవర్లో పెట్టేశాను" అని ఒక్క మాట అంటే అయిపోయేది. నన్ను నాలుగు మాటలనేవారు, కార్యదర్శి పదవి పోయేది, అంతకు మించి ఏమీ ఊడేది కాదు. నా పర్మిట్ ఆయన చేతిలో లేదు.

"నేను సరైన లిస్టే ఇచ్చానండీ," అన్నాను. "రాములమ్మకి ఇచ్చాను."

ఇరవై ఏళ్లు దాటినా ఆ రెండు వాక్యాలూ నా నోట్లో చేదుగానే ఉన్నాయి. రెండూ నిజాలే. అదే మరీ రోత.

చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమె వంటగది గుమ్మంలోకి వచ్చింది. "పొరపాటు కాదండీ. నానే కొట్టించాను."

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు సూర్యకుమారిగారు.

"ఎవరూ చెప్పలేదమ్మగారూ. ఆ కంచాల్లో తినేది ఆ పిల్లలే గదండీ."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఇంట్లో పెట్టుకుని కూడు పెడితే ఇలాగా, విశ్వాసులని మోసం చేస్తుందా అన్నారు. ఆ వారంలోనే పర్మిట్ రద్దు చేసి పంపెయ్యాలని, అన్నం తినకముందే తీర్మానించారు. తరువాత ఆమె వండిన అన్నం కూర్చుని తిన్నారు. కూర బాగుందని రెండోసారి వడ్డించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

నేను తినలేదు. అదేదో గొప్పని కాదు, సహించలేదు. వంటగదిలోకి వెళ్లాను. ఆమె పెద్ద డేగిసా తోముతోంది.

"ఎందుకు చేశావు రాములమ్మా? రాధ చదువు సంగతి ఆలోచించుకోవద్దా?"

ఆమె చేయి ఆపలేదు. "బోర్డింగులో నాకో కంచం ఉండేదండీ. దొరలు పంపింది. దాని మీద ఇంగిలీసులో రాసుండేది. నాకు రెండో తరగతిలో చదవడం రాదు. ఇంగిలీసు అచ్చరాలు ఆ కంచం మీదే నేర్చుకున్నానండీ, అన్నం తినేసి, ఏలితో దిద్దుకుంటా. ఇన్ లవింగ్ మెమొరీ ఆఫ్ టోబీ. టోబీ జ్ఞాపకార్థం అని టీచరమ్మ చెప్పారు. నాలాగే చిన్న పిల్లోడు, చచ్చిపోయాడు కాబోలనుకున్నాను. ఎనిమిదేళ్లు ప్రార్థన చేశానండీ టోబీ కోసం. ఆడి అమ్మకి ఓదార్పు ఇమ్మని."

"ఊఁ."

"పదో తరగతిలో ఆ దొరసాని చూడ్డానికొచ్చారండీ. నన్నే దండెయ్యమన్నారు. ఏసి, నేర్చుకున్న ఇంగిలీసులో అడిగాను, టోబీకి ఎన్నేళ్లండీ అని. ఆవిడ కళ్లనీళ్లెట్టుకుని సంచీలోంచి ఫోటో తీసి చూపించారు." డేగిసా బోర్లించింది. "కుక్కండీ. చెవులేలాడతా, గోధుమరంగు కుక్క."

కుళాయి ఇంకా పారుతోంది, కట్టేశాను.

"ఎనక్కెళ్లి తిన్నదంతా కక్కేశానండీ. ఆవిడ మంచావిడే. నాకు చదువు చెప్పించారు, అబద్ధం ఎందుకు. అయినా మళ్లీ ఆ కంచం ముట్టుకోలేదు. బోర్డింగు ఇడిచేదాకా అరిటాకులోనో అట్టముక్క మీదో తిన్నాను. అన్నయ్యగారూ, ఆ కంచాలు మళ్లీ మార్పించేత్తారేటండీ?"

ఉద్యోగం గురించి అడగలేదు. అదే అడిగింది.

గురువారం ఆమె విమానం ఎక్కింది. సాగనంపడానికి సహవాసం నుంచి ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు, షిఫ్టు ఉందని చెప్పుకున్నాను.

కంచాలు మాత్రం నా దగ్గరికే వచ్చాయి. "మీ యార్డులో గ్రైండర్లుంటాయి కదా, ఆ పేర్లు చెరిపించెయ్యండి, కొత్తవి కొట్టిద్దాం" అన్నారు సుధాకరరావుగారు. నాలుగు పెట్టెలు సెంబవాంగ్ తెచ్చాను. బఫింగ్ చక్రం పెడితే కంచానికి రెండు నిమిషాలు. అద్దంలా అవుతుంది. మవుతో కంచం చేతిలోకి తీసుకుని చక్రం ఆన్ చేశాను. దాని శబ్దం వింటూ కొంతసేపు నిలబడ్డాను. ఆపేశాను.

ఆదివారం కమిటీలో అబద్ధం చెప్పాను. "రేకు బాగా పలచనండీ. చక్రం ఆనిస్తే చిల్లులు పడిపోతాయి. ఒకటి పాడైంది కూడా." ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ బాగుచేసే ఆ పదిమందిలో ఒక్కడు కూడా జన్మలో గ్రైండర్ పట్టుకోలేదు. నమ్మారు. పోనీ అడుగున కొట్టించుకోండి మీ పేర్లు అన్నాను. శశికాంత్ ముఖం అదోలా పెట్టాడు. "అడుగున ఎవరు చూస్తారు అంకుల్, ఫోటోలో కూడా పడదు." కంచాల మీద అందరికీ ఒక్కసారిగా మనసు విరిగిపోయింది. బదులుగా శిలాఫలకం రెట్టింపు చేశారు. ఉన్న రాయిని పక్కన పడేసి, చీమకుర్తికి ఇంకో పెద్ద రాయికి చెప్పారు.

మరుసటి ఏడు ఇల్లు పూర్తయింది. బండాగారు ఒక ఫోటో పంపారు, పెద్దది. ఇంటి ముందు అరవై మంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ తమ కంచాన్ని గుండెకి ఆనించి పట్టుకున్నారు, పేరు కనిపించేలాగా. మొదటి వరసలో కుడివైపు చివర మవుతో. ముందు పళ్లు రెండూ లేవు, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఒక కాపీ తీయించి తునికి పంపుదామనుకున్నాను. పంపేముందు కత్తెర తీశాను. పిల్లల వెనక గోడకి, తలుపు కంటే వెడల్పుగా, చీమకుర్తి నుంచి వచ్చిన ఆ నల్లరాయి ఉంది. దాన్ని కత్తిరించేద్దామని చూశాను. పిల్లల తలలు సరిగ్గా దానికే ఆనుకుని ఉన్నాయి. వీలు కాలేదు, అలాగే పంపాను.

నెల తరువాత రాములమ్మ దగ్గర నుంచి విమానం బొమ్మ ఉన్న కవరు వచ్చింది. రాధ చదువు ఆపి ఆసుపత్రిలో ఆయాగా చేరిందని రాసింది. ఒక్క వాక్యం, దానికి ముందూ వెనకా నిష్ఠూరం లేదు. ఆ కింద అరవై పేర్లూ వరసగా రాసి, ఫోటోలో ఎవరు ఎక్కడున్నారో కంచాల మీద చూసి గుర్తుపట్టానని, అందరికీ కంచాలు అందినందుకు దేవునికి స్తోత్రమని రాసింది. చివర్న, చోటు చాలక, అంచున నిలువుగా ఇంకో మాట ఉంది.

"ఎనక రాయి మీద మీ పేరు కూడా చదివానండీ అన్నయ్యగారూ."