ఉద్యమ టెంటులో నడిచిన బడి

2010 వానాకాలం. నేను కోరుట్లలో ఉంటూ మల్లాపూర్ మండలానికి పంచాయతీరాజ్ ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఊళ్లలో రోడ్లు, బడులు, పంచాయతీ భవనాల ఎస్టిమేట్లు, కొలతలు మా పని. ఏ ఊరికి వెళ్లినా తెలంగాణ కోసం రిలే దీక్షల టెంటు కనిపించేది.

ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో స్లాబు పెచ్చు ఊడి పిల్లల బల్ల మీద పడిందని హెడ్మాస్టరు ఫోన్ చేశారు. వెళ్లి సుత్తితో తట్టి చూస్తే డొల్ల శబ్దం. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బిపోయింది. భవనాన్ని 'కండెమ్' చేశాను, అంటే ఇక వాడకూడదని తేల్చాను. తాళం వేయించి బైక్ ఎక్కుతుంటే ఒకామె ఎదురొచ్చింది. పేరు రాజవ్వ. బీడీలు చేస్తుంది, భర్త దుబాయిలో ఉంటాడు. బడి కమిటీ చైర్మన్ ఆమే.

"పోరగాండ్ల పానాలు కాపాడిండ్రు సారు, మీకు పుణ్యముంటది. గని రేపటి సంది గీళ్లు యాడ కూసోవాలె?"

"కొత్త గదులకు ప్రపోజల్ పంపుతానమ్మా. మంజూరు కావాలి కదా."

"గది అచ్చేదాంక మావోళ్లు సదివిందంత మర్శిపోతరు."

ఆమె నేరుగా పంచాయతీ ముందున్న దీక్షా టెంటుకు వెళ్లి అడిగింది. అక్కడివాళ్లు మారుమాట లేకుండా జరిగి చోటిచ్చారు. మర్నాటి నుంచి పొద్దున పూట అక్కడే బడి. పిల్లలు ఎక్కాలు చదువుతున్నంతసేపు నినాదాలు బంద్.

మండల పరిషత్ సమావేశం నాడు రాజవ్వ తల్లులను వెంటబెట్టుకుని మల్లాపూర్ వచ్చింది. లోపలికి పిలిచారు. "ఉద్యమం ఒడవనీ, గదుల సంగతి గప్పుడు సూద్దాం" అన్నాడొక సభ్యుడు.

"తెలంగాణ అచ్చినంక దాన్ని ఏలేది గీ పోరగాండ్లే గద సారు! గప్పటిదాంక టెంటులనే కూసోమంటరా?" అని, నా వైపు తిరిగింది. "సారు, మాకు జెప్పిందే గీళ్లకు గూడ జెప్పుండ్రి."

అడిగితే తప్ప సమావేశాల్లో నోరు విప్పని మనిషిని నేను. ఆ రోజు లేచి, ఆ స్లాబు సంగతంతా చెప్పాను. సభ్యులు తీర్మానం చేశారు. దాన్ని పట్టుకుని రాజవ్వ జగిత్యాలలోని మా డివిజన్ ఆఫీసుకు ఎన్నిసార్లు బస్సెక్కిందో ఆమెకే తెలియాలి. ఎండాకాలానికల్లా రెండు గదులు మంజూరై పని మొదలైంది.

స్లాబు వేశాక క్యూరింగ్ ముఖ్యం. కాంక్రీటును ఆరనివ్వకుండా తడుపుతూనే ఉండాలి. నీళ్ల ట్యాంకర్ రాలేదని తెలిసి కంగారుగా వెళ్లాను. అప్పటికే తల్లులు బిందెలతో నీళ్లు మోసి స్లాబు మీద పోస్తున్నారు.

"ఎండితె పగులు వడ్తదని మీరే అంటిరి గద సారు" అంది రాజవ్వ. దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

ఎవరూ ప్రశ్నించని ఊళ్లలో నా పని త్వరగా అయ్యేది. అడిగేవాళ్లున్న చోట బాగా అయ్యింది. ఆమె పుణ్యమా అని ఆ తేడా తెలిసింది. ఇప్పుడు ఎవరైనా నిలదీయడానికి ఆఫీసుకొస్తే, ముందు కుర్చీ వేయిస్తాను.