అందరికంటే ముందు నవ్వే ఆంటీ

నా కళ్ళజోడు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా తెలుగు నాటకాలకు ఆ రిటైర్డ్ డాక్టరమ్మ ఎప్పుడూ ముందు వరుసలోనే కూర్చునేవారు. చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆంటీయే. హాల్లో అందరికంటే ముందు నవ్వడం ఆమె అలవాటు. ఆమె నవ్వితే, జోకు అర్థం కానివాళ్ళు కూడా ధైర్యంగా నవ్వేవారు.

ఆ సాయంత్రం, రెండు వందల ఏళ్ళ నాటి తోలుబొమ్మలాట హాస్యాన్ని మనుషులతో ఆడించాం. కేతిగాణ్ణి తిట్టే బంగారక్క వేషం ఇక్కడే పుట్టిన పదహారేళ్ళ పిల్లది. చీపురైతే ఎత్తింది గానీ తిట్టు మరిచిపోయింది. గడ్డం వణికింది. ఇంకొక్క క్షణమైతే ఏడుస్తూ పారిపోయేదే. అంతలో ఆంటీ పగలబడి నవ్వారు. వెనక హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లో తిట్టు గుర్తొచ్చింది.

తర్వాత అడిగాను.

"అక్కడ జోకేముంది ఆంటీ?"

"నాకేం వినపడి చచ్చింది నాన్నా! హియరింగ్ ఎయిడ్ ఇంట్లో మర్చిపోయా. నేనెప్పుడూ మొహాలు చూసే నవ్వుతా. ఆ మొహానికి అర్జెంట్‌గా ఓ నవ్వు కావాలనిపించింది."

మొన్న చలికాలంలో ఆమె పోయారు.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. పదహారేళ్ళ పిల్ల నా కల్పన. చీర కట్టుకుని, చీపురెత్తి, గడ్డం వణుకుతూ నిలబడింది యాభై ఏళ్ళ నేనే.