రెండు అనగానే

మా కోడలు తాబేలు. అత్తగారు కదా, ఆ మాత్రం అనదా అనుకుంటారేమో, ఆ పేరు నేను పెట్టింది కాదు. తను ఆడే ఆటలో అందరికీ ఇలాంటి మారుపేర్లుంటాయి, తన పేరు తనే పెట్టుకుంది. అసలు మనిషి తాబేలు కానే కాదు. పొద్దున్న నేను కళ్లజోడు వెతుక్కునేలోపు రెండు చొక్కాలకి కాలర్లు ఎక్కించేస్తుంది.

మా ముందుగదే తన దుకాణం. కిటికీ కింద కుట్టుమిషను, పక్కన గుడ్డ కత్తిరించే బల్ల, మేకుకి వేలాడే టేపు, ఓ మూల కంప్యూటరు. మాది కొండమీది ఊరు, అందులోనూ చివరి వీధి. గట్టిగా వాన పడితే కింద రోడ్డు మూసుకుపోతుంది, ఇక మాకు మేమే దిక్కు. మా అబ్బాయి కరెంటు లైన్ల పనిమీద వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పెళ్లై వచ్చిన కొత్తలో ఈ పిల్లకి ఊళ్లో నేను తప్ప వేరే మనిషి తెలియదు. నాకు చూస్తే ముక్కుమీద కోపం. పాపం, నాతో ఎంతసేపని మాట్లాడుతుంది? అలా ఆ ఆటలో పడింది.

మొదట్లో నేనూ సణిగాను. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని "వస్తున్నా, వస్తున్నా, కాసుకోండి" అని గోడకేసి అరుస్తుంటే ఏ అత్తగారు ఊరుకుంటుంది? కానీ ఓ మధ్యాహ్నం ఏమీ తోచక వెనక నిలబడి చూశాను. అది బాణాల ఆట. ఇటు నలుగురు, అటు నలుగురు, మధ్యలో ఓ వంతెన. వంతెన దాటి అవతలివాళ్ల దీపం ఆర్పినవాళ్లు గెలిచినట్టు. మా పిల్ల జట్టుకి నాయకురాలు ఎక్కడో పెద్ద నగరంలో బేకరీలో పనిచేసే మనిషి. తెల్లవారుజామునే పొయ్యి దగ్గర నిలబడి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది కాబట్టి వీళ్ల ఆటలన్నీ మధ్యాహ్నం పూటే. ఆవిడని అందరూ కెప్టెనక్క అంటారు. మిగతా ఇద్దరూ ఇళ్లకి రంగులు వేసే అన్నదమ్ములు. ఆ అన్నదమ్ములు తప్ప ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసింది లేదు గానీ, ఎవరికి జలుబు చేసిందో, ఎవరికి ఇంట్లో చీవాట్లు పడ్డాయో అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం నాకు వింతగా అనిపించింది మా పిల్ల గురి. ఎదురుగా శత్రువు కనిపిస్తుంటే వాణ్ని వదిలేసి పక్కన ఖాళీ గోడకి బాణం వేసింది.

"కళ్లు కనిపించట్లేదా అమ్మాయ్?" అన్నాను.

"ఆగండత్తయ్యా" అంది.

క్షణం తిరిగేసరికి వాడు పరిగెత్తుకుంటూ వచ్చి సరిగ్గా ఆ గోడ దగ్గర బాణం తగిలించుకున్నాడు.

అప్పుడు చెప్పింది. ఈ ఆటని నడిపించే కంప్యూటరు, దాన్నే సర్వర్ అంటారట, సముద్రం అవతల ఏదో దేశంలో ఉందట. తను ఇక్కడ మీట నొక్కితే ఆ కబురు కొండ దిగి, సముద్రం దాటి అక్కడికి చేరాలి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. సర్వర్‌కి పక్కవీధిలో ఉన్నవాళ్లకి ఇట్టే పనైపోతుంది. మనకి మాత్రం తెరమీద కనిపించే మనిషి అప్పటికే అక్కణ్ణుంచి వెళ్లిపోయి ఉంటాడు. దాన్ని ల్యాగ్ అంటారట. మా అబ్బాయి పట్టుబట్టి మంచి తీగ వేయించినా పెద్దగా తేడా రాలేదు. "తీగదేం తప్పు లేదత్తయ్యా, దూరం దూరమే కదా" అంది.

ఆ ముక్క నాకు చెప్పాలా? నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషిని. పైదేశాల కాల్స్ ఉపగ్రహం మీదుగా వెళ్లే రోజుల్లో అచ్చం ఇదే తంతు. ఇటువాళ్లు "ఎలా ఉన్నావు" అంటారు. జవాబు రావడం ఆలస్యమయ్యేసరికి కంగారుపడి మళ్లీ "ఎలా ఉన్నావు" అంటారు. ఈలోగా అటు జవాబు బయల్దేరుతుంది. రెండు మాటలూ ఢీకొట్టుకుని ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకుంటారు, ఒకేసారి మళ్లీ తెరుస్తారు. నేను మధ్యలో దూరి "చెప్పాక కాస్త ఆగండి" అని గదమాయించేదాన్ని. అది నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఇంట్లో మా ఆయనతో కూడా ఓ ముక్క చెప్పి ఆగేదాన్ని. "ఇద్దరం ఒకే గదిలో ఉన్నామోయ్, మధ్యలో సముద్రం లేదు" అని ఆయన ఆటపట్టించేవారు. ఆయన పోయారు గానీ ఆ అలవాటు పోలేదు. ఈ కథంతా చెబితే మా పిల్ల పడీపడీ నవ్వింది. ఆ రోజునుంచి నేను సణగడం మానేశాను, తను నా కోసం హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకరు పెట్టడం మొదలెట్టింది.

జట్టువాళ్లు తన ఆలస్యానికి ఓ ఉపాయం కనిపెట్టుకున్నారు. అందరూ ఒక్కసారిగా వంతెన మీదికి దూకాలంటే కెప్టెనక్క "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతుంది. మిగతావాళ్లు మూడుకి కదులుతారు. మా పిల్ల రెండుకే కదిలిపోతుంది. అక్కడికి చేరేసరికి నలుగురూ కలిసి దూకినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలాగే ఆడారు. నేను వంటింట్లో ఉన్నా, రెండు అనగానే మీట టక్కుమనడం వినిపించేది.

ఈ ఏడాది వానలకి ముందు రెండు మంచి కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఆ ఆట కంపెనీవాళ్లు మా కొండ దిగితే వచ్చే నగరంలోనే కొత్త సర్వర్ పెట్టారు. పైగా అక్కడే పెద్ద పోటీ. ఎంపిక ఆటలో గెలిచిన జట్లు ఆ హాల్లో ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని ఆడాలట. అంటే నలుగురూ కలుసుకుంటారు. మా పిల్ల గాల్లో తేలిపోయింది. "కెప్టెనక్క పొట్టిగా ఉంటుందా, పొడుగ్గా ఉంటుందా, మీకేమనిపిస్తోంది అత్తయ్యా?" అని నా ప్రాణం తీసింది. గొంతును బట్టి పొట్టే అన్నాను. ఆకుపచ్చ గుడ్డ తెప్పించి, నలుగురికీ ఒకేలాంటి చొక్కాలు కుడతానని బల్లమీద పరిచింది. ఫోన్లో ముగ్గురి కొలతలూ అడిగింది. కెప్టెనక్క నిజంగానే పొట్టి.

కొత్త సర్వర్‌లో మొదటి ఆట నేనూ పక్కనే కూర్చుని చూశాను. తెర మూలన ఆలస్యమెంతో చూపిస్తూ ఎప్పుడూ ఎర్రగా ఉండే అంకె ఆకుపచ్చగా మారింది. కెప్టెనక్క "ఒకటి, రెండు" అంది. మీట టక్కుమంది. తాబేలు ఒక్కతే వంతెన మధ్యకి ఉరికింది. వెనక ఒక్కరూ లేరు. అవతలివాళ్ల బాణాలన్నీ తన మీదే పడ్డాయి, మిగతా ముగ్గురూ ఎక్కడ దాక్కున్నారో కూడా బయటపడిపోయింది.

మొదటిసారి అందరూ నవ్వుకున్నారు. రెండోసారీ అదే జరిగింది. బాణాలూ అంతే. శత్రువు ఎదురుగా నిలబడి ఉంటే మా పిల్ల వాడు ఇంకా రాని చోటికి గురిపెట్టేది. ల్యాగ్ పోయింది, దానికోసం ఇన్నేళ్లూ చేతులు నేర్చుకున్న తొందర మాత్రం మిగిలిపోయింది. రోజులు గడిచినా అదే వరస. ఓ రోజు రంగులన్నదమ్ముల్లో చిన్నవాడు ఉండబట్టలేక అననే అన్నాడు.

"ఇన్నాళ్లూ తప్పంతా లైను మీదికి నెట్టావు కదక్కా. ఇప్పుడెవరి మీదికి నెడతావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో గరిటెతోనే వచ్చి మైకు ముందు వంగాను. "ఏమిరా అబ్బాయ్, ఇన్నేళ్లూ మీ అందరికంటే ముందు బయల్దేరింది ఎవరి కోసంరా? మీ కోసం కాదూ? ఆ నోటికి కూడా ఓ పూత రంగు వేసుకో, కాసేపు ఆరుతూ మూసుకుని ఉంటుంది!"

"సారీ పెద్దమ్మా" అన్నాడు.

మా పిల్ల నవ్వలేదు. కంప్యూటరు కట్టేసింది. "వాడన్నదాంట్లో తప్పేముంది అత్తయ్యా" అంది.

మర్నాడు చూస్తే హ్యాంగర్లకి మూడు చొక్కాలే వేలాడుతున్నాయి, ఇస్త్రీ చేసి మరీ. నాలుగోదాని గుడ్డ మడతపెట్టి అల్మారా అడుగుకి తోసేసింది. తన బదులు ఇంకెవరినైనా చూసుకోమని కెప్టెనక్కకి చెప్పేసిందట. ఆవిడ "ఆలోచిస్తాను" అందట. ఏడ్చే మనిషిని ఓదార్చగలను గానీ, ఏడవకుండా తలొంచుకుని బొత్తాలు కుట్టుకునే మనిషిని ఏం చెయ్యను? ఈ పిల్లంటే నాకింత ప్రేమ ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

బల్లకి ఇవతల కూర్చుని ఓ దారపు రీలు తీసి తనవైపు దొర్లించాను. "పట్టుకో."

తన చెయ్యి ముందే టప్పున పడింది. రీలు వచ్చి వేళ్లకి కొట్టుకుని కిందపడింది.

"ఏం పిచ్చత్తయ్యా ఇది?"

"వచ్చాక పట్టుకో. వచ్చేముందు కాదు" అని ఇంకోటి దొర్లించాను.

ప్యాంటు కురచ చేయించుకుందామని వచ్చిన పోస్ట్‌మాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్తాకోడళ్లు చెరోవైపు కూర్చుని రీళ్లు దొర్లించుకుంటుంటే ఏమనుకోవాలో పాలుపోక "మళ్లీ రానా అండీ?" అన్నాడు. "ఎందుకు, వచ్చినవాడివి ఆ కింద పడ్డవి ఏరిపెట్టు" అన్నాను. ఏరిపెట్టి, ఓ రెండు తనూ దొర్లించి వెళ్లాడు.

రోజూ పని మధ్యలో అదే ఆట. మెల్లిగా గురి కుదురుకుంది. లెక్క మాత్రం కుదరలేదు. "ఒకటి, రెండు" అంటే చాలు, తన చెయ్యి ఇక ఆగదు. నన్ను నేను తలుచుకుని ఏమీ అనలేకపోయాను. మొగుడు పక్కనే కూర్చున్నా మాటకీ మాటకీ మధ్య ఆగడం మానలేకపోయినదాన్ని నేను.

కెప్టెనక్క కొత్తవాళ్లనెవర్నీ తీసుకోలేదు, అలాగని మా పిల్లని సాధనకీ పిలవలేదు. ఎంపిక ఆట రోజున మాత్రం "టైముకి వచ్చి కూర్చో" అని ఒక్క ముక్క పంపింది. మూడు ఆటల్లో రెండు గెలవాలి. మా పిల్ల నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అత్తయ్యా, మూడు అనేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంది. మణికట్టు పట్టుకున్నాను.

"ఒకటి, రెండు" అంది కెప్టెనక్క.

చెయ్యి గుంజింది. నేను వదల్లేదు. మూడు కోసం చెవులు రిక్కించాను. ఎంతకీ రాదే! తెరమీద చూద్దును కదా, ముగ్గురూ అప్పటికే వంతెన మీద ఉన్నారు. తాబేలు ఒక్కతే ఇవతలి గట్టున నిలబడి ఉంది.

"చెల్లీ, ఎక్కడున్నావు!" అని కెప్టెనక్క అరిచింది. ఆ ఆట పోయింది.

"మూడు అనలేదేంటక్కా?" అంది మా పిల్ల.

"మూడు తీసేశాను. ఇన్నేళ్లూ నువ్వు మా కోసం ముందు బయల్దేరావు, ఇకనుంచి మేమూ నీతోపాటే బయల్దేరతాం. ఈ వెధవలిద్దరికీ రెండుకి కదలడం నేర్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చిందనుకో. ముందే చెబితే నువ్వు మొహమాటపడి వద్దంటావని నిన్ను సాధనకి పిలవలేదు. ఇంతకీ నువ్వెందుకు ఆగావు?"

"మా అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు."

స్పీకర్లో ముగ్గురూ ఒకటే నవ్వు. "పెద్దమ్మా, ఇక వదిలెయ్యండి, దణ్ణం పెడతాను" అన్నాడు చిన్నవాడు. ఈసారి వాడి మీద నాకు కోపం రాలేదు.

చెయ్యి వదిలేసి, ఎందుకైనా మంచిదని నా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "ఒకటి, రెండు." టక్కుమంది. నాలుగు బొమ్మలూ ఒక్క అడుగులా వంతెన మీదికి దూకాయి. ఆ ఆటా గెలిచారు, దాని తరవాతదీ గెలిచారు.

మా పిల్ల ఎగరలేదు, కేకలు పెట్టలేదు. లేచి వెళ్లి అల్మారా అడుగునుంచి ఆకుపచ్చ గుడ్డ లాగి బల్లమీద పరిచింది. మేకునున్న టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊరందరి కొలతలూ తీసే మనిషి తన కొలతలు తను తీసుకోలేదు కదా.

"తియ్యండత్తయ్యా" అని వెనక్కి తిరిగి నిలబడింది.

భుజం నుంచి భుజానికి టేపు పెట్టి అంకె చెప్పాను. చెప్పి, ఎప్పట్లాగే ఆగాను.

"వినపడింది" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇద్దరం ఒకే గదిలో ఉన్నామత్తయ్యా, మధ్యలో సముద్రం లేదు."

నేను చేతి పొడవు కొలవడం మొదలెట్టాను.