కెమెరాలో అక్షింతలు

ఈ మాట ఏళ్ల తరబడి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హిందూపురంలో నాకు ఫొటో స్టూడియో ఉంది. నా దగ్గర పని నేర్చుకున్న పెనుకొండ శీనా, సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటానని నా పాత డిజిటల్ కెమెరాను కొనుక్కున్నాడు. కెమెరాకూ ఆయుష్షు ఉంటుంది. ఫొటోలు తీసి తీసి లోపలి షట్టర్ అరిగిపోతుంది. దాని పని అయిపోవచ్చిందని నాకు తెలుసు, నా చేతిలోనే ఒకటి రెండుసార్లు పట్టేసింది. అయినా, "ఇంకా పదేండ్లు పని చేస్తాది, తీసుకోబ్బా" అన్నాను. ఎందుకన్నాను? డబ్బు కోసమా? అవును, దానికే. వాడు నా మాట దాటడని తెలిసి మరీ అన్నాను చూడండి, అదే నన్ను తినేస్తోంది.

ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇంట వాడి మొదటి పెళ్లి. సరిగ్గా తాళి కట్టే వేళ, అందరూ అక్షింతలు వేస్తుండగా, షట్టర్ పట్టేసింది. ఆ ఫొటో లేదు. పెళ్లివాళ్లు అందరి ముందూ వాణ్ణి కడిగేశారట.

మర్నాడు స్టూడియోకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"అక్షింతలు లోపల పడి చెడిపోయిండాదన్నా. చెయ్యి అడ్డం పెట్టుకోకపోతి. నీ కెమెరా పాడుచేసినా."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా.

"పెండ్లిలో జాగ్రత్తగా ఉండల్లబ్బా" అన్నాను.

వాడు మళ్లీ కెమెరా పట్టలేదు. బెంగళూరులో సెక్యూరిటీ పని చేసుకుంటున్నాడు. ఇప్పటికీ మా వైపు ఏ పెళ్లికొచ్చినా అక్షింతలు దూరం నుంచి విసరడు, దగ్గరకెళ్లి మెల్లగా వధూవరుల తలమీద వేసి వస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు అన్నం సహించదు.

నిన్న ఫోన్ చేశాడు. కూతురికి ఫొటోలు తీయాలని సరదా పుట్టిందట, దాచుకున్న ఆ కెమెరాను ఆదివారం రిపేరుకిచ్చి విప్పిస్తాడట. "గింజలు తీసేస్తే పని చేస్తాదేమో కదన్నా?" అన్నాడు. ఏదో గొణిగి పెట్టేశాను. అప్పటి నుంచి ఫోన్ మోగినా ఎత్తడం లేదు. విప్పినవాడు ఉన్నమాట చెప్పేస్తే? శీనా నన్ను తిడితే పడతాను. తిట్టకుండా, "పోనీలేన్నా" అంటే ఏం చేయను?

వాడికింకా చెప్పలేదు. ఆదివారంలోపు చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. మీకైనా చెబుతుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆ కెమెరాలో ఒక్క బియ్యపు గింజ కూడా ఉండదు.