ఒకే పేరుతో రెండు బాప్తిస్మాలు

వై టూ కే పుణ్యమా అని కాన్‌బెర్రాలో దిగినప్పుడు నా పనల్లా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి నాలుగంకెలు చేయడం, ఒకే మనిషి రెండుసార్లు నమోదై ఉంటే ఒకదాన్ని తీసేయడం. ఇప్పుడు మనవాళ్ళతో కిటకిటలాడే హారిసన్ పేట అప్పటికింకా గొర్రెలు మేసే బీడు. నేను ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంటి వెనక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఐరిష్ సంతతి. నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. నేను ఆంటీ అంటే మొదట్లో నవ్వేది, తర్వాత్తర్వాత మరెలా పిలిచినా పలికేది కాదు. అక్కడి పెద్దవాళ్ళు అందరినీ అన్నట్టే నన్ను లవ్ అనేది.

ఆవిడకు ఒకటే పట్టుదల. ఐర్లండు నుంచి ఒంటరిగా ఓడెక్కి వచ్చిన వాళ్ళ అమ్మమ్మ సమాధికి రాయి లేదు. పోయినప్పుడు వేయించే స్తోమత ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు తను వేయించాలి, దాని మీద పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉండాలి. కాగితం మీద తప్పు పడితే కొట్టేసి రాసుకోవచ్చు, రాయి మీద ఎలా కొట్టేస్తామని అనేది.

చిక్కంతా ఆ సంవత్సరం దగ్గరే వచ్చింది. ఓడ జాబితాలో అమ్మమ్మ వయసు పంతొమ్మిది. సరిగ్గా పదేళ్ళ తర్వాత కూతురు పుట్టినప్పటి పత్రంలో మాత్రం ఇరవై నాలుగు. ఐర్లండులో వాళ్ళ ఊరి చర్చికి ఉత్తరం రాస్తే, ఫాదర్ రిజిస్టరు తిరగేసి జవాబు పంపాడు. అదే పేరుతో, అదే తల్లిదండ్రులకు, ఐదేళ్ళ తేడాతో రెండు బాప్తిస్మాలు ఉన్నాయి. మొదటిది ఓడ జాబితాతో కలుస్తుంది, రెండోది కూతురి పత్రంతో.

నాకు చేతులు ఊరుకుంటాయా? ఒక శనివారం ఆవిడ కాగితాలన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కించి, ఆఫీసులో చేసినట్టే శుభ్రం చేసి పారేశాను. రెండో బాప్తిస్మం ఎవరో పొరపాటున మళ్ళీ రాసిందని తేల్చి తీసేశాను. ఇక ఇరవై నాలుగంటారా, ఆడవాళ్ళు వయసు తగ్గించి చెప్పడం ఏ దేశంలోనైనా ఉన్నదేనని ఒక జోకు కూడా వేశాను. చక్కటి వంశవృక్షం ప్రింటు తీసి ఆవిడ చేతిలో పెట్టి, మెచ్చుకుంటుందని ఎదురుగా నిలబడ్డాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని అంతా చూసి, రెండోదాన్ని ఎందుకు తీసేశావని మాత్రం అడిగింది. ఏ తల్లిదండ్రులైనా ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెడతారా అన్నాను.

"ఇద్దరూ బతికుంటే పెట్టరు," అంది.

మా వైపు ఒక బిడ్డ పోతే, తర్వాతి బిడ్డకు పెంటమ్మ అనో పుల్లయ్య అనో పేరు పెడతారు, చావు కన్ను పడకుండా. పోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టడమన్న ఆలోచనకే మా ఇళ్ళలో నోరు మూయించేవాళ్ళు. అందుకే అది నా బుర్రకు తట్టలేదు. వాళ్ళకేమో నాయనమ్మ పేరు ఇంట్లో నిలవాలట. ఆ పేరు పెట్టిన బిడ్డ పోతే తర్వాత పుట్టిన పిల్లకు అదే పెట్టేవాళ్ళట. నా తెలివితక్కువతనానికి ఆవిడ కోప్పడలేదు సరికదా, పెంటమ్మ సంగతి రెండోసారి చెప్పించుకుని నోటు పుస్తకంలో రాసుకుంది.

నేను చేసింది ముందు రాసి ఉన్నదే నిజమనుకుని, దానితో కలవనివి తీసేయడం. ఆవిడ ఏ కాగితాన్నీ పారేయదు. ప్రతిదాని అంచునా పెన్సిలుతో మూడు ప్రశ్నలు రాసేది: ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏ అవసరం పడి చెప్పారు. ఒంటరి ఆడపిల్లను సర్కారు ఖర్చుతో ఓడెక్కించాలంటే పద్దెనిమిది నిండాలి, కాబట్టి అక్కడ వయసు పెంచే అవసరం ఉంది. పురిటి మంచం మీద ఏ వయసు చెప్పినా ఒరిగేదేమీ లేదు.

"కాన్పైన ఆడదానికి అబద్ధమాడే ఓపిక ఉండదు లవ్. నలభై ఏళ్ళు వార్డులో వయసులు అడిగాను నేను," అంది.

నా సర్టిఫికెట్లో ఉన్న పుట్టినరోజు, నన్ను బళ్ళో చేర్చుకోవడానికి మా హెడ్మాస్టరు గారు వేసిన తేదీ. పాస్‌పోర్టులోనూ అదే. అలాంటివాణ్ణి, ఓడ కాగితాన్ని అంత గుడ్డిగా నమ్మినందుకు నిజంగా సిగ్గేసింది.

అంత గట్టి ఊహ దొరికితే నేనైతే ఆ సాయంత్రమే రాయి చెక్కించేవాణ్ణి. ఆవిడ మాత్రం ఐర్లండులోని ఆ ఊరి మరణాల రిజిస్టరు నకలు కోసం ఇంకో ఉత్తరం రాసి, నెలల తరబడి ఎదురుచూసింది. రాయి చెక్కేవాడు రెండుసార్లు ఫోన్ చేస్తే, అమ్మమ్మ ఎక్కడికీ పారిపోదులే అని పెట్టేసింది. మా ఆఫీసులో అన్ని డిగ్రీలున్న వాళ్ళలో ఒక్కరికైనా ఆ నిదానం ఉంటే సగం తప్పులు పుట్టేవే కావని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

ఉత్తరం వచ్చిన రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. మొదటి పాప మూడేళ్ళకే జ్వరంతో పోయింది. ఓడెక్కింది రెండో పిల్ల. అక్క బాప్తిస్మం కాగితం చేతికిచ్చి పంపారనడానికి రుజువు లేదు కాబట్టి అలా అనకూడదని, చెప్పిన వయసు మాత్రం అక్కదేనని ఆవిడ వివరించింది. ఆ పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్ళు.

మొత్తానికి సాధించారు ఆంటీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. అమ్మమ్మంటే చిన్నప్పుడు భయమని, మనవల్లో ఒక్కరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎరగదని, ఆ కోపం డెబ్భై ఏళ్ళుగా లోపల పెట్టుకునే ఉన్నానని చెప్పింది.

"పంతొమ్మిదేళ్ళ మనిషి తల్లిని వదిలేసి వచ్చి, ఒక్క ఉత్తరం ముక్క రాయలేదంటే గుండె లేని మనిషి అనుకున్నాను. పద్నాలుగేళ్ళంటే, వదిలేసి రావడం కాదు లవ్. పంపించేశారు."

రాయి వేసిన రోజు నేనే కారు నడిపాను. రెండున్నర గంటల దారి. అక్కడ దిగాక చెక్కిన అంకెలను ఒక్కొక్కటే వేలితో తడిమి సరిచూసుకుంది. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా వంగి, అమ్మమ్మతో మాట్లాడినట్టు కాదు, వార్డులో ఏడుస్తున్న చిన్నపిల్లతో మాట్లాడినట్టు, "నువ్వింత చిన్నదానివని నాకు తెలీదమ్మా" అంది.